కూంబ్స్ రెండుసార్లు నెగెటివ్, జబ్బు మాత్రం అదే: నా అనుభవం

నాకు వచ్చింది ఆటోఇమ్యూన్ హిమోలిటిక్ అనీమియా, అంటే రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలనే ప్రోటీన్లు సొంత ఎర్ర కణాలనే చితక్కొట్టే జబ్బు. ఆ యాంటీబాడీలను వెతికే రక్త పరీక్షే కూంబ్స్.

మా స్కూల్లో ఎనిమిదో తరగతి మేడ మీద. ఇరవై రెండు మెట్లు, పదేళ్లుగా రోజుకు నాలుగైదు సార్లు ఎక్కుతున్నవే. 2023 ఫిబ్రవరిలో ఆ మెట్లెక్కి గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడితే గానీ పిల్లలకు "కూర్చోండి" అని చెప్పడానికి నోట మాట వచ్చేది కాదు. రాత్రి దిండు మీద తల పెడితే చెవిలో నా గుండె చప్పుడు నాకే వినపడేది, ఎటు తిరిగి పడుకున్నా అదే. అప్పటికి నాకు నలభై ఒకటి. పదో తరగతి పిల్లలకు స్పెషల్ క్లాసులు, ఇంట్లో పని, నిద్ర చాలక నీరసం అనుకున్నాను.

కళ్లు పచ్చబడ్డాయని మొదట గమనించింది మా అత్తయ్య. వంటింటి కిటికీ దగ్గర నిలబెట్టి కింది రెప్ప లాగి చూసి "కామెర్లమ్మాయ్ ఇవి, ఆలస్యం చేయొద్దు" అంది. మూత్రం కూడా అప్పటికి వారం నుంచి టీ డికాషన్ రంగులో వస్తోంది, నేనే ఎండల వల్ల అనుకుని ఊరుకున్నాను. ఒంగోలు చుట్టుపక్కల కామెర్లంటే పసరు మందుకే కదా వెళ్తారు, మేమూ వెళ్లాం. మూడు రోజులు పొద్దున్నే పరగడుపున పసరు, పదిహేను రోజులు పథ్యం. నూనె లేదు, పప్పు లేదు, చప్పటి మజ్జిగన్నం. పథ్యం సగానికి వచ్చేసరికి బాత్రూమ్ దాకా నడిస్తేనే ఆయాసం. మా ఆయన ఇక ఆగలేదు, ల్యాబుకి తీసుకెళ్లాడు.

ఆ మొదటి రిపోర్టు ఇప్పటికీ నా దగ్గర ఉంది. కళ్లను పచ్చబరిచే పదార్థం, బిలిరుబిన్, మొత్తం 3.8. అందులో డైరెక్ట్ 0.6 మాత్రమే, మిగతా 3.2 ఇన్‌డైరెక్ట్. కాలేయం ఎంజైములు మామూలుగానే ఉన్నాయి. ఆ రోజు మేమందరం చూసింది 3.8 ఒక్కటే, కింద ఉన్న రెండు అంకెల వంక ఎవరూ చూడలేదు. కాలేయం దెబ్బతిన్నా పిత్తనాళం మూసుకుపోయినా డైరెక్ట్ కూడా పెరుగుతుందని, ఒంట్లో ఎర్ర కణాలు ఎక్కువగా చితికిపోతున్నప్పుడు ఇన్‌డైరెక్ట్ పెరుగుతుందని నాకు తెలిసింది మూడు నెలల తర్వాత. ఆ కాగితం మీదే సగం జవాబు ఉంది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అదే రోజు తీసిన హిమోగ్లోబిన్ 6.4. కణాల సైజు చెప్పే ఎంసీవీ 108, అంటే ఉండాల్సిన దానికన్నా పెద్దవి. ఒక నర్సింగ్ హోమ్‌లో డాక్టరు గారు అది చూసి బీ12 తక్కువై ఉంటుందన్నారు. శాకాహారులం కాబట్టి మాకూ నమ్మకంగానే అనిపించింది. బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, ఐరన్ మాత్రలు రాశారు, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఎక్కించే రక్తం నాకు సరిపడుతుందా అని చూసే క్రాస్ మ్యాచ్ ఏ ఇబ్బందీ లేకుండా కుదిరింది. హిమోగ్లోబిన్ 8.3కి వచ్చింది, ఇంటికి పంపించారు, నేను ఉగాది పచ్చడి కూడా చేశాను. పది రోజులకు మళ్లీ 6.6. ఎక్కించిన రక్తం ఎటు పోయినట్టు? రక్తస్రావం లేదు, నెలసరి మామూలే, మలంలో రక్తం లేదు. బీ12 లెవెల్ చూద్దామని రక్తం తీశారు గానీ అప్పటికే నాలుగు ఇంజెక్షన్లు పడ్డాయి, ఇక ఆ అంకెకు అర్థం ఏముంటుంది, రెండు వేలు దాటి వచ్చింది.

దాంతో నగరంలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ మొదటిసారి రెటిక్ కౌంట్ చేశారు. ఎముక మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన పసి ఎర్ర కణాలను రెటిక్యులోసైట్లు అంటారు, అవి మామూలుగా రెండు శాతం వరకు ఉంటాయి. నాకు 16 శాతం. అంటే మజ్జ ఒళ్లు దాచుకోకుండా పని చేస్తోంది, తయారైన కణాలు తయారైనట్టే పోతున్నాయి. ఈ పసి కణాలు సైజులో పెద్దవి, నా ఎంసీవీ 108 ఉండటానికి కారణం అదే. బీ12 లోపంలోనూ కణాలు పెద్దగానే ఉంటాయి, బిలిరుబిన్ కొంచెం పెరుగుతుంది, కణాలు చితికితే రక్తంలోకి వచ్చే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ అయితే బాగా పెరుగుతుంది, కానీ రెటిక్ మాత్రం పెరగదు. ఈ రెండింటినీ విడదీసే పరీక్ష రెటిక్ కౌంట్, అదీ కొన్ని వందల రూపాయల్లో అయిపోయేది, నెలన్నర పాటు ఎవరూ రాయలేదు.

ఎల్‌డీహెచ్ 1,140. హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ కొలవలేనంత తక్కువ. ఎర్ర కణం చితికితే బయటపడే హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఏరేసేది ఆ ప్రోటీనేనట, ఏరి ఏరి అది ఖర్చైపోతుంది. ఎర్ర కణం మామూలుగా 120 రోజులు బతకాలి. నా కణాలు ఎన్నాళ్లు బతుకుతున్నాయో ఎవరూ లెక్కగట్టి చెప్పలేదు గానీ, ఎక్కించిన రక్తం కూడా పది రోజుల్లో పోయిందంటేనే తెలుస్తోంది. స్లైడు మీద నా కణాలు చాలావరకు గుండ్రటి బంతుల్లా ఉన్నాయట. మామూలు ఎర్ర కణం నడిమధ్య నొక్కినట్టు పల్చగా ఉంటుంది. ఇలా బంతుల్లా మారిన వాటిని స్ఫీరోసైట్లు అంటారు.

ఇక్కడి నుంచి కూంబ్స్ గొడవ.

డాక్టరు గారు చీటీ మీద "కూంబ్స్ టెస్ట్" అని మాత్రం రాశారు. ల్యాబ్ కిటికీ దగ్గర అబ్బాయి చీటీ చూసి, "మేడమ్, మీరు నెగెటివ్ గ్రూపా? ఎన్నో నెల?" అని అడిగాడు. నాకేమీ అర్థం కాలేదు. నాది బీ పాజిటివ్ అన్నాను, గర్భవతిని కాదన్నాను. అయినా ఎర్ర మూత ట్యూబులో రక్తం తీసుకుని పంపించాడు. సాయంత్రానికి రిపోర్టు: ఇన్‌డైరెక్ట్ కూంబ్స్, నెగెటివ్. గర్భిణుల్లో ఆర్‌హెచ్ నెగెటివ్ వాళ్లకు చేసే పరీక్ష అది, సీరంలో, అంటే రక్తంలోని నీటి భాగంలో, తేలుతున్న యాంటీబాడీలను వెతుకుతుంది. నాకు కావాల్సింది డైరెక్ట్ కూంబ్స్, ఎర్ర కణాలకే అతుక్కుని ఉన్న యాంటీబాడీలను వెతికేది. ఆ అబ్బాయిని తప్పు పట్టను, రోజూ వాళ్ల దగ్గరికి వచ్చేది మొదటి రకమే. చీటీలో ఒక్క మాట తక్కువైంది, అంతే. మర్నాడు మళ్లీ రక్తం తీసి డైరెక్ట్ చేశారు. అదీ నెగెటివ్. రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో "పద్ధతి: ట్యూబ్" అని ఉంది. ఆ మాట అప్పుడు చదివాను గానీ దానికి ఇంత బరువుందని తెలియదు. వారం ఆగి ఇంకోసారి డైరెక్ట్ చేశారు, అదే పద్ధతి, అదే నెగెటివ్.

రెండోసారి కూడా నెగెటివ్ రాగానే వాళ్లు ఇంకో దారి పట్టారు. స్ఫీరోసైట్లున్నాయి, కూంబ్స్ నెగెటివ్, ప్లీహం (పొట్టలో ఎడమవైపు ఉండే స్ప్లీన్) రెండు వేళ్ల మేర పెరిగింది, కాబట్టి ఇది పుట్టుకతో వచ్చే హెరిడిటరీ స్ఫీరోసైటోసిస్ అయి ఉంటుంది, ప్లీహం తీసేస్తే సరిపోతుంది అన్నారు. సర్జన్ దగ్గరికి చీటీ కూడా రాశారు. ఆపరేషన్ అంటే నాకంత భయం వేయలేదు. "ఇది వంశపారంపర్యం, మీ పాపకు కూడా చూపించండి, సగానికి సగం అవకాశం ఉంది" అన్న మాటకు మాత్రం కాళ్లలో సత్తువ పోయింది. ఆ రాత్రి పాప పక్కన పడుకుని ఫోన్ లైటు వెలుతురులో దాని కళ్లు తెరిచి చూశాను. నిద్రలో విసుక్కుని చేయి తోసేసింది. తెల్లగానే ఉన్నాయి, అయినా నాకు నమ్మకం కుదరక మళ్లీ చూశాను.

మా తమ్ముడు పట్టుబట్టాడు, "అక్కా, ఆపరేషన్‌కి తొందరేముంది, కడుపు కోయించుకునే ముందు ఒక్కసారి వేలూరు వెళ్లొద్దాం" అని. మే మొదటి వారంలో బయలుదేరాం. రాత్రి రైలు, కింది బెర్తు, నాకు పడుకున్నా ఆయాసమే. నిద్ర పట్టక కూంబ్స్ ఎవరా అని ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. రాబిన్ కూంబ్స్ చదివింది పశువైద్యమట. 1945లో కేంబ్రిడ్జిలో మౌరాంట్, రేస్ అనే మరో ఇద్దరితో కలిసి ఈ పరీక్ష గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ ఆలోచన ఆయనకు లండన్ నుంచి కేంబ్రిడ్జికి రాత్రి రైల్లో వెళ్తుండగా తట్టిందని చెబుతారు. మరుసటి ఏడాదే, 1946లో, బూర్మన్, డాడ్, లౌటిట్ అనే ముగ్గురు ఈ పరీక్షతోనే పుట్టుకతో వచ్చే ఈ రకం కామెర్లకూ పెద్దయ్యాక వచ్చేదానికీ తేడా చూపించారు. మధ్యలో వచ్చిన వాళ్లకు పాజిటివ్, పుట్టుకతో ఉన్న వాళ్లకు నెగెటివ్. గూడూరు దాటాక ఇది చదివాను, చదివి మరీ దిగులు పడ్డాను, ఎందుకంటే ఆ లెక్కన నాది పుట్టుకతో వచ్చినదే కావాలి, పాపకు కూడా ఉండొచ్చు.

కాట్పాడిలో దిగి ఆటో ఎక్కితే డ్రైవరు తెలుగులోనే మాట్లాడాడు. లాడ్జిలో తెలుగు, ఇడ్లీ కొట్టు దగ్గర తెలుగు, ఆసుపత్రి క్యూలో నా ముందున్న వాళ్లది కడప, వెనకున్న వాళ్లది సూళ్లూరుపేట. ఆ రెండు రోజులు అదొక్కటే కాస్త ధైర్యం.

హెమటాలజీ, అంటే రక్తం జబ్బులు చూసే డాక్టరు గారు తమిళ యాసతో తెలుగు మాట్లాడారు. రిపోర్టులన్నీ తేదీల వారీగా పరిచి, అన్నింటికన్నా ముందు అడిగింది: "రక్తం ఎప్పుడు ఎక్కించారమ్మా, తేదీ చెప్పండి." తర్వాత: "ఇంతకు ముందు ఎప్పుడైనా హిమోగ్లోబిన్ చూశారా? పాత కాగితం ఏదైనా ఉందా?" నా పర్సులో 2018లో స్కూల్లో పెట్టిన రక్తదాన శిబిరం కార్డు ఉంది. అందులో హిమోగ్లోబిన్ 12.8 అని రాసి ఉంది. మన దగ్గర 12.5 ఉంటేనే రక్తం తీసుకుంటారు. ఆయన ఆ కార్డును బల్ల మీద విడిగా పెట్టి, "ఇది ఇన్ని టెస్టుల కన్నా ఎక్కువ చెబుతోంది. పుట్టుకతో ఇంత గట్టిగా కణాలు చితికే జబ్బుంటే ఇన్నాళ్లూ ఎక్కడుంది? కాన్పప్పుడు కూడా రాలేదు కదా. ఇది కొత్తగా వచ్చిందమ్మా" అన్నారు. కూంబ్స్ రెండుసార్లు నెగెటివ్ సార్ అన్నాను. "ఆ రెండుసార్లూ ఒకే కంటితో చూశారు" అన్నారు.

రక్తం తీసే చోట ఎన్ని ట్యూబులో. ఊదా రంగు మూతవి నాలుగు, ఎర్ర మూతవి రెండు, ఆకుపచ్చ మూతది ఒకటి. డైరెక్ట్ కూంబ్స్‌కి ఊదా మూత ట్యూబే వాడాలట, అందులోని ఈడీటీఏ అనే, రక్తం గడ్డకట్టనివ్వని మందు వల్ల ట్యూబులోకి వచ్చాక కొత్తగా ఏదీ కణాలకు అంటుకోదు, మామూలు ట్యూబులో చల్లబడితే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ దానంతటదే అతుక్కుని లేని పాజిటివ్ చూపించొచ్చు. ఒక్క ట్యూబు సంగతి మాత్రం వేరు. సిస్టర్ దాన్ని తీసీ తీయగానే వెడల్పు మూతి ఫ్లాస్కులో ఉన్న గోరువెచ్చటి నీళ్లలో దించి, మూత బిగించి, వార్డు బాయ్ చేతికిచ్చి "పరిగెత్తు" అంది. చల్లదనంలో పనిచేసే యాంటీబాడీలుంటే అవి దారిలోనే చల్లబడి కణాలకు అంటుకుపోతాయి, అప్పుడు లెక్క తేలదు, అందుకే 37 డిగ్రీల వేడి పోకుండా తీసుకెళ్లాలి. అంతకు ముందు ఆసుపత్రిలో నా రక్తం సాయంత్రం తీసి, రాత్రి ఐస్ పెట్టెలో పెట్టి, మర్నాటికి ఇంకో ఊరు పంపించారు. ఆలస్యమయ్యే కొద్దీ కణాలకు అంటుకున్న యాంటీబాడీలు కొన్ని ఊడిపోతాయని కూడా ఇక్కడే విన్నాను.

మధ్యాహ్నం బ్లడ్ బ్యాంకు నుంచి ఒక కుర్ర డాక్టరు వార్డుకే వచ్చాడు. మా చిన్న తమ్ముడి వయసుంటుంది. కుర్చీ లాక్కుని కూర్చుని పావుగంట ప్రశ్నలు. జనవరిలో జ్వరం వచ్చిందా? సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఏమైనా చేయించుకున్నారా? బీపీ మాత్రలేమైనా వేసుకున్నారా? నాటు మందు ఏదైనా? పసరు సంగతి దాచకుండా చెప్పాను. కొన్ని మందుల వల్ల కూడా యాంటీబాడీలు తయారై కణాలను చితక్కొడతాయట, అలాంటప్పుడు ఆ మందు ఆపేయడమే అసలు వైద్యం. నాకు అలాంటి ఇంజెక్షన్లు పడలేదు, పసరు తాగే నాటికే కళ్లు పచ్చగా ఉన్నాయి. "ఎన్ని కాన్పులు, ఎన్నిసార్లు రక్తం ఎక్కింది" అని కూడా అడిగి రాసుకున్నాడు.

మర్నాడు అతనే మళ్లీ వచ్చి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. ఆ ఫోటో నేను చచ్చేదాకా మర్చిపోను. చిన్న ప్లాస్టిక్ కార్డు, అందులో నిలువుగా ఆరు సన్నటి గొట్టాలు, వాటి నిండా తెల్లటి జెల్. పైన నా ఎర్ర కణాలు వేసి పది నిమిషాలు గిర్రున తిప్పుతారు. విడివిడిగా ఉన్న కణాలు జెల్ గుండా జారి అడుక్కు చేరి ఎర్ర బొత్తంలా కూర్చుంటాయి, అది నెగెటివ్. ఒకదానికొకటి అంటుకుని గుంపు కట్టినవైతే దిగలేక పైన గానీ మధ్యలో గానీ చిక్కుకుంటాయి. నా కార్డులో అయిదు గొట్టాల్లో అడుగున శుభ్రంగా బొత్తం. ఐజీజీ (యాంటీబాడీల్లో ఒక రకం) అని రాసి ఉన్న గొట్టంలో మాత్రం అడుగున బొత్తం ఉంది గానీ, దాని మీద సగం దూరం దాకా సన్నటి ఎర్ర చుక్కలు, కుంకుమ చల్లినట్టు. "చూశారా అక్కా, వన్ ప్లస్. చాలా కొంచెం. కానీ ఉంది" అన్నాడు.

మరి అక్కడ రెండుసార్లు ఎందుకు రాలేదని అడిగాను. అతను చెప్పింది నా మాటల్లో చెబుతాను. ట్యూబు పద్ధతిలో కణాలను ముందు సెలైన్‌తో మూడు నాలుగుసార్లు బాగా కడుగుతారు. కడగకపోతే రక్తంలోని నీటి భాగంలో ఉన్న ప్రోటీన్లు కూంబ్స్ రీఏజెంట్‌ను, అంటే పరీక్షకు కలిపే మందును, పాడు చేస్తాయి, కాబట్టి కడగాల్సిందే. కానీ యాంటీబాడీ కణానికి వదులుగా అంటుకుని ఉంటే, బియ్యం కడిగితే తవుడు నీళ్లలో పోయినట్టు, ఆ కడుగులో అదీ పోతుంది. జెల్ కార్డులో ఆ కడుగు అక్కర్లేదు. ఇంకొకటి, ఒక్కో కణం మీద కొన్ని వందల యాంటీబాడీలు అంటుకుని ఉంటే గానీ ట్యూబులో కంటికి కనిపించేంత గుంపు కట్టవు, కానీ అంతకన్నా తక్కువ ఉన్నా ప్లీహం గుర్తుపట్టి కణాన్ని పట్టేసుకుంటుంది. కొందరిలో ఐజీఏ రకం యాంటీబాడీ ఉంటుంది, మామూలు రీఏజెంట్‌లో దాన్ని పట్టే మందే ఉండదు. ఇలా నూటికి అయిదు నుంచి పది మందిలో జబ్బు ఇదే అయినా మామూలు కూంబ్స్ నెగెటివ్ వస్తుంది. వాళ్లకు జెల్, చల్లటి సెలైన్‌తో కడగడం, కణాలను ఒక్కొక్కటిగా లేజరు వెలుతురులో చూసే ఫ్లో సైటోమెట్రీ లాంటివి చేస్తే బయటపడుతుంది.

నేను ఆనందంతో ఏడ్చేశాను. అతను మాత్రం ఆగమన్నాడు. "పాజిటివ్ అయినంత మాత్రాన జబ్బని కాదక్కా, రక్తదానానికి వచ్చే ఆరోగ్యవంతుల్లో కూడా ఒక్కొక్కరికి పాజిటివ్ వస్తుంది. పైగా మీకు మార్చిలో రక్తం ఎక్కింది. ఎక్కిన రక్తం మీద మీ ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీ అయినా ఇలాగే కనిపిస్తుంది." అందుకని ఇంకో పరీక్ష, ఎల్యూషన్. కణాలకు అంటుకున్న యాంటీబాడీని ఆమ్ల ద్రావణంతో ఊడదీసి, ఆ ద్రవాన్ని పదకొండు రకాల తెలిసిన ఎర్ర కణాలతో కలిపి చూస్తారు. ఎక్కించిన రక్తం మీద పుట్టిన యాంటీబాడీ అయితే ఏవో కొన్నింటితోనే గుంపు కడుతుంది. నాది పదకొండింటితోనూ కట్టింది. అంటే వేరే వాళ్ల రక్తమా నా రక్తమా అని చూడకుండా ఏ ఎర్ర కణాన్నైనా పట్టుకుంటోంది. వెచ్చటి రకం, అంటే ఒంటి వేడిలోనే యాంటీబాడీలు పనిచేసే ఆటోఇమ్యూన్ హిమోలిటిక్ అనీమియా, ఐజీజీ. ఫ్లో సైటోమెట్రీలో కూడా కణాల మీద ఐజీజీ కనిపించింది. ఎక్కించిన రక్తం పది రోజుల్లో ఎటు పోయిందో అప్పుడు అర్థమైంది.

వెచ్చటిదో చల్లటిదో తేలడం ఎందుకంత ముఖ్యమో నా పక్క మంచం చూస్తే తెలిసింది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, రిటైరైన కండక్టరు. చలికాలం తెల్లవారుజామున వేళ్లు, చెవి అంచులు నీలంగా మారేవట, డిసెంబరులో ఆదిలాబాద్ చలి తెలిసిందే కదా. ఆయన రక్తం మెషీన్‌లో పెడితే ఎంసీవీ 130 పైన వచ్చేది, ఎర్ర కణాల లెక్కకు, హిమోగ్లోబిన్‌కు పొంతన ఉండేది కాదు. కణాలు ట్యూబులో గుంపు కట్టి ఉంటే మెషీన్ గుంపును ఒక కణంగా లెక్కేస్తుంది. శాంపిల్‌ను 37 డిగ్రీలకు వేడి చేసి మళ్లీ పెడితే అంకెలు సర్దుకున్నాయట. ఆయన కూంబ్స్‌లో ఐజీజీ గొట్టం నెగెటివ్, కాంప్లిమెంట్ ముక్కను పట్టే సీ3డీ గొట్టం మాత్రం బలంగా పాజిటివ్. చల్లటి రకం, కోల్డ్ అగ్లూటినిన్ జబ్బు. ఆయనకు అంతకు ముందు అయిదు నెలలు స్టెరాయిడ్లు వాడారు, ఒళ్లు ఉబ్బింది, షుగర్ వచ్చింది, రక్తం మాత్రం పెరగలేదు. ఆ రకానికి స్టెరాయిడ్ పెద్దగా పనిచేయదు, ప్లీహం తీసినా ఉపయోగం ఉండదు, చలి తగలకుండా చూసుకోవడం, అవసరమైతే యాంటీబాడీల తయారీని తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందు. ఎండాకాలం వేలూరులో ఉన్ని సాక్సు వేసుకుని కూర్చున్న ఆ పెద్దాయన్ని చూస్తే బాధేసేది. మొదట్లోనే కూంబ్స్‌ను ఐజీజీ, సీ3డీ అని విడదీసి చేసి ఉంటే ఆ అయిదు నెలల మాత్రలు తప్పేవి.

నాకు మిగతావి కూడా చేశారు: లూపస్ కోసం ఏఎన్ఏ, హెపటైటిస్, హెచ్‌ఐవీ, పొట్ట స్కానింగ్, పీఎన్‌హెచ్ అనే ఇంకో జబ్బుకు ఫ్లో పరీక్ష, ఎర్ర కణాల్లో ఉండే జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష. అన్నీ బాగున్నాయి. కారణం ఏదీ దొరకలేదు, చాలామందికి దొరకదట. పాప సంగతి అడిగాను. "ఇది వంశంలో దిగే జబ్బు కాదమ్మా, పాపను వదిలేయండి" అన్నారు డాక్టరు గారు. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను, అత్తయ్య ఎత్తింది, నాకు మాట రాకపోతే ఆవిడ కంగారుపడి "ఏమైందమ్మాయ్, ఏమైంది" అని అరుస్తోంది. "పాపకేం లేదత్తయ్యా" అని మాత్రం అనగలిగాను.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 60 మిల్లీగ్రాములు, నా బరువు 58 కిలోలు, కిలోకు ఒక మిల్లీగ్రాము లెక్క. దానితో ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, కాల్షియం, కడుపులో మంటకు మాత్ర. కణాలు ఇంత వేగంగా తయారవుతున్నప్పుడు ఫోలిక్ యాసిడ్ అయిపోతుందట. తొమ్మిదో రోజు పొద్దున మూత్రం రంగు మామూలుగా కనిపించింది. రెండు వారాలకు హిమోగ్లోబిన్ 8.9, నాలుగు వారాలకు 10.7, జూలై చివరికి 12.1. రెటిక్ 16 నుంచి 3కి దిగింది. రక్తం మళ్లీ ఎక్కించలేదు.

స్టెరాయిడ్ సుఖంగా ఏమీ లేదు. మొహం గుండ్రంగా ఉబ్బింది, రాత్రి రెండింటికే మెలకువ వచ్చేది, షుగర్ 190 దాకా వెళ్లి డోసు తగ్గాక దిగింది, చిన్న మాటకే పాప మీద అరిచేదాన్ని. డోసు తగ్గించడానికి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో 15 మిల్లీగ్రాములకు వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 12 నుంచి 10.4కి జారింది, మళ్లీ 25కి పెంచి ఇంకా నెమ్మదిగా దించారు. మళ్లీ తిరగబెడితే రిటుక్సిమాబ్, అదీ కాకపోతే అప్పుడు ప్లీహం గురించి ఆలోచిద్దాం అన్నారు. 2024 మార్చి నుంచి ఏ మాత్రా లేదు. మూడు నెలలకోసారి హిమోగ్లోబిన్, రెటిక్, ఎల్‌డీహెచ్ చేయించుకుంటున్నాను, ఇక్కడే ఒంగోలులో. కూంబ్స్ మాత్రం ప్రతిసారీ అక్కర్లేదన్నారు, కణాలు చితుకుతున్నాయా లేదా అన్నదే చూడాలి, కూంబ్స్ కొందరిలో జబ్బు తగ్గాక కూడా పాజిటివ్‌గానే ఉండిపోతుందట.

మొదట చూసిన డాక్టర్ల మీద కోపం లేదా అంటే, ఉండేది. బీ12 అనుకోవడం తప్పు కాదు, మన దగ్గర అదే ఎక్కువ. కూంబ్స్ ట్యూబులో చేయడమూ తప్పు కాదు, ఎక్కువ మందిలో అందులోనే తేలిపోతుంది. నాకు బాధేసేది ఒక్క దగ్గరే. ఎల్‌డీహెచ్, రెటిక్, హాప్టోగ్లోబిన్, స్లైడు, నాలుగూ ఒకే మాట చెబుతుంటే, ఆ ఒక్క నెగెటివ్ కాగితాన్ని పట్టుకుని కత్తి దాకా వెళ్లిపోయారు. పరీక్ష ఏ పద్ధతిలో చేశారు, ఇంకా సున్నితంగా చేసే చోటు ఎక్కడైనా ఉందా అని ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగి ఉంటే, నా శాంపిల్ ఒక్కటే ప్రయాణం చేసేది, నేను కాదు.

మొన్న ఆదివారం చీరాల నుంచి మాతో పనిచేసిన టీచరమ్మ ఫోన్ చేసింది. వాళ్ల అన్నయ్యకు నెల రోజుల్లో రెండుసార్లు రక్తం ఎక్కించారట, కళ్లు పచ్చగా ఉన్నాయట, కామెర్లకు పసరు ఎక్కడ బాగా పోస్తారని అడగడానికి చేసింది. రిపోర్టులు దగ్గరున్నాయా అన్నాను. ఉన్నాయక్కా అంది. బిలిరుబిన్ కాగితం తీసి డైరెక్ట్ ఎంతో చదవమన్నాను. "0.5" అంది. మొత్తం? "4.1." రెటిక్ కౌంట్ అని ఎక్కడైనా ఉందేమో చూడమన్నాను. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడుతోంది, అన్నీ రెండోసారి కూడా తిరగేసింది.

"లేదక్కా, అలాంటిదేమీ లేదు."

"రేపు పొద్దున్నే చేయించు. మళ్లీ రక్తం ఎక్కించకముందే."